చేలో కూలీ, షెడ్డులో కూలీ: దిగువ కృష్ణా డెల్టాలో రొయ్య తెచ్చిన పని

రొయ్య వచ్చాకే ఆడకూలీలకి ఏడాది పొడుగునా పని దొరుకుతోంది అనే మాట పెడన, బంటుమిల్లి, కృత్తివెన్ను ప్రాంతాల్లో ఏ చెరువు ఆసామిని కదిపినా వినబడుతుంది. ఆసాములే కాదు, అధికారులూ అదే అంటారు. వాళ్ళ చేతిలో అంకెలు కూడా ఉన్నాయి. 2023-24లో మన దేశం నుంచి 7 లక్షల 16 వేల టన్నుల గడ్డకట్టించిన రొయ్యలు బయటి దేశాలకి పోయాయి. విలువ 40 వేల కోట్ల రూపాయల పైమాటే. అందులో దాదాపు 3 లక్షల టన్నులు ఒక్క అమెరికా కొన్నది. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. టన్నులు, కోట్లు, డాలర్లు అన్నీ ఈ లెక్కల్లో దొరుకుతాయి. ఆ రొయ్యకి తల తీసిందెవరో, పొట్టు వలిచిందెవరో, అంతకుముందు వాళ్ళు ఏం పని చేసేవాళ్ళో మాత్రం దొరకదు. ఈ వ్యాసం ఆ మూడో సంగతి గురించి.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను ఈ విషయాన్ని దూరం నుంచి చూసి రాయడం లేదు. పెడన నుంచి బంటుమిల్లి పోయే రోడ్డు పక్క పల్లెల్లో ఒకదానిలో పుట్టాను. మా అమ్మ నలభై ఏళ్ళ వయసు దాకా చేలో ఊడ్చింది, కోసింది, మినుములు పీకింది. చేలు చెరువులయ్యాక రొయ్యల కంపెనీ బస్సు ఎక్కింది. నా డిగ్రీ ఫీజు, యూనివర్సిటీ హాస్టలు మెస్ బిల్లు ఆ రొయ్య తలల్లోంచే వచ్చాయి. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది నేనే మొదలు. కాబట్టి రొయ్యల కంపెనీని తిట్టి చేతులు దులుపుకోవడం నాకు కుదరదు. పొగడటం అసలే కుదరదు. అమ్మకి ఒక పని దొరికిందన్నది నిజం. ఆ పని దొరకడానికి ముందు ఏం పోయిందన్నదీ నిజమే. ఆసాముల లెక్క రెండోదాన్ని వదిలేసి మొదటిదానితో మొదలవుతుంది.

మాంసం, చేప, రొయ్య కోసే పని గురించి రాస్తూ రొయ్యనే ఎందుకు తీసుకున్నానని అడగొచ్చు. కోడి కూడా మన జిల్లాల్లో పెద్ద వ్యాపారమే. 1982లో గుడ్ల ధర నిర్ణయించే జాతీయ సమన్వయ కమిటీ పుట్టడంలో మన తెలుగు కోళ్ళ రైతుల పాత్ర చిన్నది కాదు. కానీ మన దగ్గర కోడిని ఎక్కువగా ఫ్యాక్టరీలో కొయ్యరు. బతికిన కోడి లారీలో వస్తుంది, బజారులో మొద్దు మీద ఒకరిద్దరు మనుషులు కోసి అమ్ముతారు. వందలమంది ఆడవాళ్ళు వరసల్లో నిలబడి, ఒకే కదలికని రోజుకి వేలసార్లు చేసే ఫ్యాక్టరీ పని మన డెల్టాకి రొయ్యతోనే వచ్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కోడి చేసిన పని ఇక్కడ రొయ్య చేసింది. ఆ పోలిక దగ్గరకి తర్వాత వస్తాను. (కోడి మన చెరువులకి మరో దారిన చేరింది. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో ఎరువుగా వేసేది కోళ్ళ పెంటే. పట్నాల చికెన్ షాపుల్లో పారేసిన పేగులు, ఈకలు నిషేధం ఉన్నా రాత్రిపూట లారీల్లో వచ్చి చేపల మేత అవుతున్నాయి. ఆ వాసన పీల్చేది గట్టు మీద కాపలా ఉండేవాళ్ళే.)

చివరి భూములు

ఎగుమతి బందరుకి కొత్త కాదు. 1611లోనే ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. డచ్చివాళ్ళు అంతకు కొద్దిగా ముందే వచ్చారు. అందరూ వచ్చింది అద్దకం గుడ్డ కోసం. ఆ గుడ్డ ఎరుపుకి చిరివేరు కావాలి. ఆ వేరు ఈ డెల్టా ఇసుక నేలల్లో దొరికేది. వర్తకుల చరిత్ర రాసినవాళ్ళు బేళ్ళు లెక్కపెట్టారు, ఓడల పేర్లు రాశారు. వేరు తవ్వినవాళ్ళ గురించి ఎన్ని పుస్తకాలున్నాయో మనకి తెలుసు. పెడనలో అద్దకం, మగ్గం ఇప్పటికీ ఉన్నాయి. ఆ పనిలో దేవాంగులు, పద్మశాలీల కష్టం వేరే చరిత్ర, అదీ రాయవలసిందే.

మన కథకి అసలు మలుపు 1855. బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయిన ఏడాది. కాలువలు తవ్వారు, మాగాణి పెరిగింది, వరి ఎగుమతి అయింది. కాటన్ దొర ఫోటో ఈనాటికీ డెల్టా రైతుల ఇళ్ళల్లో ఉంటుంది. మాల మాదిగ పల్లెల్లో ఆ ఫోటో ఎంతమంది ఇళ్ళల్లో ఉందో చూస్తే నీళ్ళు ఎవరి చేలోకి పారాయో తెలుస్తుంది. నీళ్ళు భూమి ఉన్నవాడిని ఆసామిని చేశాయి. భూమిలేనివాడిని పాలేరుని చేశాయి, వాడి పెళ్ళాన్ని ఊడ్పు కూలీని చేశాయి.

పెడన, బంటుమిల్లి, కృత్తివెన్ను, అటు దివిసీమలో నాగాయలంక, కోడూరు ఇవన్నీ కాలువల చివరి భూములు. పైవాళ్ళు తాగగా మిగిలింది ఇక్కడికి వస్తుంది. అది వచ్చేసరికి ఊడ్పుల అదను దాటుతుంది. ఇంకోవైపు నుంచి సముద్రం ఉప్పు ఎక్కుతుంది. 1864 నవంబరు ఉప్పెనలో బందరు చుట్టూ దాదాపు 30 వేలమంది పోయారు. 1977 నవంబరు 19న మళ్ళీ అదే జరిగింది. దివిసీమలో సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ఉప్పెన వచ్చినప్పుడు మిద్దె లేనివాడే ముందు పోతాడు.

ఈ చివరి భూముల్లో మళ్ళీ చివర ఉన్నవే దళితులకి ఇచ్చారు. 1973 భూపరిమితి చట్టం కింద మిగులుగా తేల్చినవి, ప్రభుత్వ బంజర్లు, మురుగు కాలవల పక్క చవుడు నేలలు. వరి సరిగా పండదు కనకే అవి మనదాకా వచ్చాయి. 1977లో వచ్చిన అసైన్డు భూముల చట్టం వీటిని అమ్మడాన్నే కాదు, కౌలుకివ్వడాన్ని కూడా నిషేధించింది. కాగితం మీద ఆ చట్టం మనకి పెట్టనికోట. ఉప్పునీటి రొయ్య వచ్చేదాకా దానికి పెద్ద పరీక్ష రాలేదు, ఎందుకంటే ఆ భూమి ఎవరికీ అక్కర్లేదు.

చేలో ఏముండేది

చెరువుల ముందు కాలాన్ని బంగారు కాలం అని నేను అనను. పాలేరుతనం ఉండేది. అయ్యగారి గుమ్మం ముందు చెప్పులు చేత పట్టుకు నిలబడటం ఉండేది. కూలీ పెంచమన్నందుకు ఊరంతా ఏకమై పల్లెని పస్తులు పెట్టడమూ ఉండేది. కానీ పని లెక్క మాత్రం సరిగా తీయాలి.

సార్వాకి ఆకుమడి తీత, ఊడ్పులు, రెండుసార్లు కలుపు, కోత, కుప్ప, నూర్పిడి. కోత ముందర చేలో చల్లిన మినుములు మాఘమాసం తర్వాత పీకడం. నీళ్ళున్నచోట దాళ్వా. ఇందులో ఊడ్పులు, కలుపు, మినప తీత పూర్తిగా ఆడవాళ్ళ పనులు. కోతకి మొగుడూ పెళ్ళాలు కలిసి పోయేవాళ్ళు, కూలీ ధాన్యంగా వచ్చేది, కుంచాలతో కొలిచేవాళ్ళు. ఆ ధాన్యం ఇంట్లో ఉంటే నాలుగు నెలలు బియ్యం కొనక్కర్లేదు.

కూలీ కాని ఆదాయం మరొకటి ఉండేది. ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో దానికి గడి ఉండదు. కోసిన చేలో పరిగె ఏరుకునేవాళ్ళం. బోదెల్లో, మురుగు కాలవల్లో జెల్లలు, మట్టగిడసలు, కొర్రమీనులు పట్టేవాళ్ళం. గట్ల మీద గడ్డి కోసి గేదెని మేపేవాళ్ళం. గడ్డి కొనక్కర్లేదు, కూర కొనక్కర్లేదు, తాగేనీళ్ళు ఊరి చెరువులోంచి వచ్చేవి. ఆ చెరువు దగ్గర కులం ఎలా పనిచేసేదో చెప్పక్కర్లేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపడానికి దారితీసిన తగువు మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే. అయినా నీళ్ళంటూ ఉన్నాయి, వాటికోసం కొట్లాడే హక్కూ ఉంది. ఇప్పుడు నీళ్ళు ఉప్పవడంతో కొట్లాడటానికి కూడా ఏమీ మిగల్లేదు. ఇరవై లీటర్ల క్యాను కొనుక్కోవాలి. ఆ డబ్బు రొయ్యల కూలీలోంచే తియ్యాలి.

చేను చెరువైంది

కొల్లేరులో చేపల చెరువులు 1970ల చివర్లో సహకార సంఘాల పేరుతో మొదలయ్యాయి. సంఘాల్లో సభ్యులు వడ్డీలు, ఎస్సీలు. చెరువులు నడిపింది మాత్రం బయటి పెట్టుబడి పెట్టినవాళ్ళు. మన తీరంలో టైగర్ రొయ్య ఊపు 1990ల మొదట్లో వచ్చింది. రాత్రికి రాత్రి పొక్లెయిన్లు దిగాయి. ఇదివరకు ఎవరికీ అక్కర్లేని చవుడు భూమి ఒక్కసారిగా అందరికీ కావలసి వచ్చింది. అసైన్డు పట్టా ఉన్న దళితుడి దగ్గరకి ఆసామి నడిచి వచ్చిన మొదటి సందర్భం అదేనేమో. తెల్లకాగితం మీద వేలిముద్ర, చేతిలో కొంత డబ్బు. చట్టం కౌలు వద్దంది కనక ఆ కాగితం ఎక్కడా చెల్లదు. చెల్లని కాగితం వల్ల నష్టం ఎప్పుడూ బలహీనుడికే.

చెరువు తవ్వితే హద్దులు పోతాయి. అయిదారు అడుగులు మట్టి తీసి, పది పట్టాల్ని ఒక చెరువుగా కలిపి, చుట్టూ ఒకే గట్టు వేశాక నీ ఎకరం ఏదో నువ్వే చూపించలేవు. కాగితంలో భూమి ఉంటుంది, నేల మీద ఉండదు. మా పల్లెలో ముసలాళ్ళు ఇప్పటికీ గట్టు మీద నిలబడి నీళ్ళవైపు చెయ్యి చూపించి "మనది అదిగో ఆ మూల" అంటారు.

పక్క చేలోకి ఉప్పు ఊరుతుంది. వరి ఎర్రబడుతుంది. రెండేళ్ళు చూసి ఆ రైతు కూడా చెరువుకి ఇచ్చేస్తాడు. ఇలా ఒకరి చెరువు ఇంకొకరిని చెరువులోకి లాగింది. వరి చేలో గుంపులు గుంపులుగా ఆడవాళ్ళు దిగిన చోట ఇప్పుడు మేత చల్లడానికి, ఏరేటర్లు చూడటానికి ఒకరిద్దరు మగవాళ్ళుంటే చాలు. ఆ కాపలా పని చాలాచోట్ల యానాదులకి పడింది. అడ్వాన్సు ఇచ్చి గట్టుమీద గుడిసెలో పెడతారు, ఆ అడ్వాన్సు ఎన్నేళ్ళకీ తీరదు. పాలేరుతనం పోయిందనుకున్నాం. అది చేలోంచి గట్టు మీదికి ఎక్కింది.

అయితే పని పోవడానికి చెరువులే మొత్తం కారణం అనడం కూడా సరికాదు. వరికోత మిషన్లు వచ్చాయి. కాలవ నీళ్ళు ఆలస్యమయ్యే చోట ఊడ్చడం మాని విత్తనం వెదజల్లడం పెరిగింది. వరి అలాగే ఉండి ఉన్నా ఆడవాళ్ళ పనిదినాలు తగ్గేవి. ఈ సంగతి ఒప్పుకోకుండా రాస్తే మన వాదన నిలవదు. కానీ మిషను వస్తే పరిగె పోదు, గడ్డి పోదు, బోదెలో చేప పోదు, తాగేనీళ్ళు పోవు. చెరువు వాటన్నిటినీ తీసుకుపోయింది.

1994-95లో తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులకి చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. చాలామంది చిన్న రైతులు మునిగారు. ఇందులో కొందరు మనవాళ్ళు కూడా ఉన్నారు, ఉన్న ఎకరంలో తామే రొయ్య వేసినవాళ్ళు. ఆ తర్వాత కొన్నాళ్ళు మంచినీటి రొయ్య, 2009లో అనుమతి వచ్చాక వెనామీ. పెట్టుబడి ఎక్కువ కావలసిన కొద్దీ ఎకరంవాడు బయటికి, వంద ఎకరాలవాడు లోపలికి.

ఒక తీర్పు, అందులో ఒక పేరా

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది. కేసు వేసింది తమిళనాడు గ్రామ స్వరాజ్య ఉద్యమానికి చెందిన జగన్నాథన్. తీరం నుంచి 500 మీటర్ల లోపల చెరువులు మూసెయ్యాలని, వ్యవసాయ భూముల్ని చెరువులు చెయ్యకూడదని జస్టిస్ కులదీప్ సింగ్ ధర్మాసనం చెప్పింది. ఆంధ్రలో రొయ్యల వల్ల వచ్చే ఆదాయం కంటే జరిగే నష్టం దాదాపు నాలుగు రెట్లని నాగపూర్ పర్యావరణ సంస్థ ఇచ్చిన నివేదిక ఆ కోర్టు ముందుంది.

పర్యావరణ ఉద్యమాలు ఈ తీర్పుని ఎన్నోసార్లు ప్రస్తావించాయి. అందులో కూలీల గురించి ఉన్న పేరాని మాత్రం చాలామంది దాటేశారు. మూతపడే చెరువుల్లో ఏడాదికి తగ్గకుండా పనిచేసిన వాళ్ళని తొలగించిన కార్మికులుగా లెక్కించి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలి, దానిపైన ఆరేళ్ళ కూలీ అదనంగా ఇవ్వాలి అని కోర్టు రాసింది. ఆరేళ్ళ కూలీ! గట్టుమీద గుడిసెలో ఉన్న మనిషిని కార్మికుడు అని ఒక కోర్టు పిలవడమే పెద్ద మాట. కానీ ఏడాది పనిచేశానని చూపించే కాగితం ఆ మనిషి దగ్గర ఏముంది? ఆ తర్వాత స్టేలు వచ్చాయి. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ తీర్పు కోరలు పీకింది. చెరువులు నిలిచాయి, ఆ పేరా కాగితంలో మిగిలిపోయింది.

తల తీయడం అంటే

ఇక షెడ్డు సంగతి. మొదట్లో చెరువు పట్టుబడి దగ్గరే, ఐసు పెట్టే చోటే తాటాకు పాకల కింద తలలు తీయించేవాళ్ళు. 1997 ఆగస్టులో శుభ్రత లేదని యూరప్ దేశాలు మన సముద్ర ఉత్పత్తుల మీద నిషేధం పెట్టాయి. ఆ దెబ్బకి దేశమంతటా ఆ పనిని పాకల్లోంచి తీసి ఫ్యాక్టరీ గోడల లోపలికి తేవలసి వచ్చింది. మన వైపు చెరువులు ఎక్కువ. పెద్ద ఫ్యాక్టరీలు మాత్రం ఎక్కువగా భీమవరం, కాకినాడ, విశాఖ, ఒంగోలు, నెల్లూరు వైపు. పని ఇంటి దగ్గర నుంచి బస్సు ఎక్కి పోయే దూరానికి జరిగింది. చేలో పని పోయిన పల్లెల నుంచి ఆడవాళ్ళని ఏరుకుని తీసుకుపోయే బస్సులు అలా మొదలయ్యాయి. వాటి వెనక మేస్త్రీలు. ఇప్పుడు ఒడిశా, బెంగాల్, అస్సాం, జార్ఖండ్ పిల్లల్ని తెచ్చి ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉంచుతున్నారు. బస్సు ఖర్చూ ఉండదు, మనిషి బయటికి పోయేదీ ఉండదు.

లోపలికి పోయేముందు గాజులు, పుస్తెలు, చెవికమ్మలు తీసెయ్యాలి. ముసుగు, టోపీ, గమ్ బూట్లు, క్లోరిన్ నీళ్ళలో కాళ్ళు. లోపల చలి. బల్ల మీద ఐసులో రొయ్య. ఎడమచేత్తో పట్టి కుడిచేతి బొటనవేలితో తల విరవాలి. తర్వాత పొట్టు వలవాలి, వీపు మీద నరం లాగాలి. రొయ్య తల మీద ముల్లు గ్లౌజు దాటి గుచ్చుకుంటుంది. కాసేపటికి వేళ్ళు మొద్దుబారి నొప్పి తెలీదు, రాత్రి ఇంటికొచ్చాక తెలుస్తుంది. మా అమ్మ వేళ్ళ సందులు ఏడాదిలో సగం రోజులు తెల్లగా నానిపోయి ఉండేవి. అన్నం కలపడానికి చెంచా వాడేది. మా పల్లెలో చెంచాతో అన్నం తినడం అంతకుముందు సినిమాల్లోనే చూశాం.

కూలీ రెండు రకాలు, రోజుకింత లేదా కిలోకింత. కిలో లెక్కలో ఉన్న మతలబు విడమరిచి చెప్పాలి. రొయ్యని కౌంటుతో కొలుస్తారు, కిలోకి ఎన్ని తూగితే అన్ని కౌంట్. 30 కౌంట్ అంటే పెద్దది, 100 కౌంట్ అంటే చిన్నది. తలా పొట్టూ తీశాక బరువు సుమారు సగానికి వస్తుంది. అంటే 30 కౌంట్‌లో కిలో వలిచిన రొయ్య రావాలంటే 60 రొయ్యలు వలవాలి. 100 కౌంట్‌లో అదే కిలోకి 200 వలవాలి. మూడు రెట్లకి పైగా చేతి పని. చిన్న రొయ్యకి రేటు కొంచెం ఎక్కువిస్తారు, మూడు రెట్లు ఇవ్వరు. చెరువులో రోగం వస్తుందని భయపడి ఆసామి ముందే పట్టేస్తే రొయ్య చిన్నది. ఆసామి నష్టం పేపర్లో పడుతుంది. అదే రొయ్య వల్ల వలిచేదాని కూలీ కూడా తగ్గిందన్న సంగతి ఎక్కడా పడదు. బరువు తూచేటప్పుడు నీళ్ళు ఓడ్చి తూస్తారు. ఎంతసేపు ఓడ్చాలన్నది కాటా దగ్గరున్న మనిషి చెయ్యి.

నేను మాట్లాడిన చోట్ల బల్లల దగ్గర ఎక్కువమంది మాల, మాదిగ ఆడవాళ్ళు, తర్వాత మత్స్యకార కులాలవాళ్ళు. కాటా దగ్గర, రిజిస్టరు దగ్గర, గేటు దగ్గర వేరే కులాలు. ఊళ్ళో ఈ చేతులు బిందె ముట్టుకుంటే మైల అన్నవాళ్ళు, ఈ చేతులు వలిచిన రొయ్య పెట్టెలమీద తమ కంపెనీ పేరు అచ్చు వేసుకుంటారు. డాలరుకి అంటు లేదు.

ఊరి డబ్బు ఎటు పోతుంది

చేతిపనికి వచ్చిన డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో చూడండి. మా అమ్మ కూలీ పెడన బజారు దాటి పోలేదు. బియ్యం, ఆటో, డ్వాక్రా వాయిదా, మందుల షాపు, నా ఫీజు. పది కిలోమీటర్ల లోపలే తిరిగింది. చెరువు లాభం అలా కాదు. పిల్ల హేచరీలకి, మేత కంపెనీకి, మందుల డీలరుకి పోగా మిగిలింది ఆసామితో పాటు విజయవాడ, హైదరాబాదు చేరుతుంది. అక్కడి నుంచి ఆసామి కొడుకుతో అమెరికా చేరుతుంది. రొయ్య వల్ల ప్రాంతం బాగుపడిందనేవాళ్ళు పెడన బజారులో కొత్త మేడలు చూపిస్తారు. ఆ బజారుని రోజూ బతికించేది మాత్రం వారానికోసారి కూలీ డబ్బు తెచ్చే ఆడవాళ్ళే. ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ గురించి థీసిస్ రాసే మిత్రులు కిరాణా కొట్టు అప్పుల పుస్తకం తెరిచి చూడాలి.

ఇక్కడే రెండోవైపు చెప్పాలి. ఈ కూలీ ఊరి ఆసామి చేతిలోంచి రాదు. ఇది చిన్న విషయం కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. దానికి ముందు పల్లె మీద సాంఘిక బహిష్కారం పెట్టారు, పనులు ఆపారు. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పెట్టాలన్నందుకు దళితుల్ని వెలివేశారు. పొలాల్లో పనికి పిలవలేదు, కౌలు ఇవ్వలేదు. పని ఊళ్ళోనే ఉంటే పని ఆపడం కూడా ఊళ్ళోనే జరుగుతుంది. బస్సెక్కి అరవై కిలోమీటర్లు పోయే ఆడదాన్ని ఊరి పెద్దలు పస్తు పెట్టలేరు. "అయ్యగారి చేలో వంగున్నప్పుడు ఆయన మా నడుము చూసేవాడు, ఇప్పుడు నన్ను చూడాలంటే తలెత్తాలి" అని మా పక్కింటి పిన్ని అన్నది. ఆ మాటని ఏ గణాంకమూ కాదనలేదు. మన ఉద్యమాల్లో కొందరు మిత్రులు ఈ కూలీని కేవలం దోపిడీ అని తేల్చేస్తున్నప్పుడు ఈ పిన్నిలాంటి వాళ్ళు నవ్వుకుంటారు.

కానీ మేస్త్రీ ఎవరు? చాలాచోట్ల ఊళ్ళోవాడే, ఆసామికి కావలసినవాడే. బస్సులో సీటు అతని చేతిలో ఉంది.

ఇంకో డెల్టా

మిసిసిపీ నది పక్కన కూడా డెల్టా అనే పిలిచే ప్రాంతం ఉంది. అక్కడ పత్తి పండేది, తీసింది నల్లవాళ్ళు, మొదట బానిసలుగా, తర్వాత కౌలుకూలీలుగా. పత్తికి మిషన్లు వచ్చాయి. 1970లు, 80ల్లో పత్తి చేలు చాలా వాటిని తవ్వి మార్పు జాతి చేపల చెరువులు చేశారు. పత్తి ఆసాములే చెరువుల ఆసాములయ్యారు, కలిసి ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. చేప కోసే బల్లల దగ్గరికి వచ్చింది పత్తి తీసినవాళ్ళ కూతుళ్ళు. ఇండియనోలా అనే ఊళ్ళో, 1954లో తెల్లవాళ్ళ పౌరమండలి పుట్టిన ఊళ్ళోనే, 1990 సెప్టెంబరులో డెల్టా ప్రైడ్ అనే చేపల ఫ్యాక్టరీలో వెయ్యికి దగ్గరగా కార్మికులు సమ్మె చేశారు. ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్ళు. కూలీతో పాటు వాళ్ళు లేవనెత్తిన సంగతుల్లో ఒకటి మరుగుదొడ్డికి పోవడానికి సమయం. మూడు నెలలు నిలబడ్డారు, డిసెంబరులో ఒప్పందం గెలిచారు. ఇది చదివిన రోజు మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ అడిగింది ఒక్కటే, "మూడు నెలలు ఏం తిన్నారు?" యూనియన్ ఉంది, చర్చిలు నిలబడ్డాయి అన్నాను. "మనకి ఉందా" అంది.

కోడి పోలిక కూడా అక్కడిదే. 1991 సెప్టెంబరు 3న, చుండూరు జరిగిన నెలలోపే, ఉత్తర కరొలినాలో హామ్లెట్ అనే ఊళ్ళో కోడిమాంసం వండి ప్యాక్ చేసే ఫ్యాక్టరీ అంటుకుని 25మంది చనిపోయారు. తలుపులు బయట తాళం వేసి ఉన్నాయి. కోడిముక్కలు దొంగిలిస్తారని యజమాని అనుమానం. పదకొండేళ్ళుగా ఆ ఫ్యాక్టరీలో ఒక్క తనిఖీ జరగలేదు. మన దగ్గర గేటు దాటేటప్పుడు ఒళ్ళు తడిమే ఆచారం వెనక ఉన్నదీ అదే అనుమానం. 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో వ్యర్థాల ట్యాంకు శుభ్రం చెయ్యడానికి దిగిన అయిదుగురు విషవాయువుతో చనిపోయారు. ట్యాంకులో దిగే పని ఎవరికి పడుతుందో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. అప్పటికే భీమవరం దగ్గర తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు జనం తమ ఊళ్ళ మధ్య ఆక్వా ఫుడ్ పార్కు వద్దని ఏళ్ళతరబడి పోరాడుతున్నారు, కేసులు, 144 సెక్షన్లు అనుభవించారు. ఉద్యోగాలొస్తాయి కదా అని వాళ్ళని అడిగినవాళ్ళలో ఆ ఉద్యోగం చేసేవాళ్ళు ఎవరూ లేరు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఎగుమతిదారులు ఢిల్లీ వెళ్ళి మంత్రుల్ని కలిశారు. రైతులు కౌంట్ ధర పడిపోయిందని రోడ్డెక్కారు. రెండూ పేపర్లలో మొదటి పేజీకి వచ్చాయి. మా ఊరి బస్సు ఆ రోజుల్లో వారానికి మూడు రోజులే వచ్చింది. మేస్త్రీ ఫోన్ చేసి రేపు వద్దు అనేవాడు. పని ఆగిన రోజుకి పరిహారం అడగడానికి ఎవరినైనా అడగాలంటే ముందు యజమాని ఎవరో తేలాలి కదా. చేలో కూలీకి ఆసామి మొహం తెలుసు, తిట్టుకోవడానికైనా ఒక పేరుండేది.

మా అమ్మ దగ్గర ఒక అట్ట డబ్బా ఉంది. అందులో ఆమె పదకొండేళ్ళ పని తాలూకు చీటీలన్నీ దాచింది, ఎప్పటికైనా అక్కరకొస్తాయని. నేను వాటిని తేదీల వారీగా పేర్చాను. ఒక్కో చీటీ మీద తేదీ ఉంది, కిలోలు ఉన్నాయి, కౌంట్ ఉంది, మేస్త్రీ పొడి అక్షరాలు ఉన్నాయి. కంపెనీ పేరు ఏ చీటీ మీదా లేదు. మా అమ్మ పేరూ లేదు, టోకెన్ నంబరు ఉంది.